తొండకు పెట్టే పురుగు కడుపులో ఏముండాలి?

ఒడిశాలోని రాయగడలో మా అక్క ఇంట్లో పోయిన వేసవి నుంచి ఒక తగవు నడుస్తోంది. మేనల్లుడు ఒక బియర్డెడ్ డ్రాగన్‌ను పెంచుతున్నాడు. పుట్టిల్లు ఆస్ట్రేలియా అయినా అది మన పెరటి తొండల కుటుంబానికి చెందినదే. కోపం వస్తే గొంతు కింద ముళ్ల సంచిని ఉబ్బించి నల్లగా చేస్తుంది కనుక మా అమ్మ దానికి ‘గడ్డం తొండ’ అని పేరు పెట్టింది. దాని తిండి కోసం వాడు ప్లాస్టిక్ డబ్బాలో, గుడ్ల అట్టల మధ్య ఇలకోళ్లను, అంటే కీచురాళ్లను, పెంచుతాడు. తగవు తొండ మీద కాదు, రాత్రంతా సాగే ఇలకోళ్ల సంగీతం మీద కూడా కాదు. రాగిపిండి మీద. “మనుషుల అంబలికి గరిటెతో కొలుస్తూ, పురుగులకు గుప్పెళ్లతో పోస్తావేరా?” అని అమ్మ అంటుంది. వాడి జవాబు ఎప్పుడూ ఒకటే: “అమ్మమ్మా, పురుగు తిన్నది తొండకే కదా పోయేది!”

వాడి మాటలో నిజముంది. కానీ సగం నిజమే. మిగతా సగం తెలిసేసరికి తొండ కింది దవడ వేలితో నొక్కితే రబ్బరులా వంగే స్థితికి వచ్చింది. కాలి వేళ్లు వణికాయి. పశువైద్యుడి దగ్గర ఎక్స్‌రే తీయిస్తే ఎముకలు ఉండాల్సినంత తెల్లగా కనబడలేదు. వాడు నాకు ఫోను చేసి అడిగిన ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం. “మామయ్యా, రాగులు పెట్టాను, మునగాకు పెట్టాను, క్యారెట్ పెట్టాను. అన్నీ మంచివే కదా. మరి ఎముకలు ఎందుకు మెత్తబడ్డాయి?”

అన్నీ మంచివే. లెక్క మాత్రం తప్పింది.

ముందు ఇలకోడిలో ఏముందో చూద్దాం. కిలో ఇలకోళ్లలో కాల్షియం దాదాపు 400 మిల్లీగ్రాములు, భాస్వరం 2,900 మిల్లీగ్రాముల పైచిలుకు. అంటే భాస్వరం కాల్షియం కన్నా ఏడు రెట్లు ఎక్కువ. పెంపుడు జంతువుల దుకాణాల్లో అమ్మే మీల్‌వర్మ్ అనే పెంకుపురుగు పిల్ల సంగతి ఇంకా అన్యాయం: కిలోకు కాల్షియం 170 మిల్లీగ్రాములైతే భాస్వరం 2,850, దాదాపు పదిహేడు రెట్లు. దానికన్నా పెద్దదైన సూపర్‌వర్మ్ కూడా ఆ దారిలోనే ఉంది, పదమూడు రెట్లు. తొండకు కావలసింది దీనికి పూర్తిగా తలకిందులు. ఒక పాలు భాస్వరానికి ఒకటిన్నర నుంచి రెండు పాళ్ల కాల్షియం ఉండాలి. ఎంత తగ్గినా రెండూ సమానంగానైనా ఉండాలి.

పురుగుల్లో కాల్షియం ఇంత తక్కువ ఎందుకు? వాటికి ఎముకల్లేవు. మరి పైన గట్టి పెంకు ఉంది కదా అంటే, అది సున్నపు పెంకు కాదు. చిలికా పీతకు, రొయ్యకు పెంకులో సున్నం ఉంటుంది. ఇలకోడి పెంకు కైటిన్ అనే పదార్థంతో, మాంసకృత్తులతో అల్లుకున్న కవచం. గట్టిగా ఉన్నదల్లా కాల్షియం కాదు. తొండ దాన్ని కరకర నమిలినా ఎముకకు దక్కేది పెద్దగా ఉండదు.

తిండిలో కాల్షియం తగ్గి భాస్వరం పెరిగితే శరీరం ఏం చేస్తుంది? గుండె కొట్టుకోవడానికి, కండరం కదలడానికి రక్తంలో కాల్షియం ఒక స్థాయిలో ఉండి తీరాలి. అది పడిపోగానే పారాథైరాయిడ్ గ్రంథి హార్మోనును వదులుతుంది. ఆ హార్మోను ఎముకల్లో దాచుకున్న కాల్షియాన్ని రక్తంలోకి లాగుతుంది. ఇల్లు గడవడానికి దూలాలు ఊడదీసి అమ్ముకున్నట్టు అన్నమాట. బయటికి కొన్ని వారాలు ఏమీ తెలియదు. తొండ తింటుంది, ఎండ కాచుకుంటుంది. తెలిసేసరికి దవడ మెత్తబడుతుంది, నడుము వంకర తిరుగుతుంది, చిన్న ఎత్తు నుంచి దూకినా కాలు విరుగుతుంది. పిల్ల తొండలకు ఈ ప్రమాదం ఎక్కువ. ఒకటి, అవి ఎదుగుతున్నాయి. రెండు, పెద్దయ్యాక బియర్డెడ్ డ్రాగన్ ఎక్కువగా ఆకులే తింటుంది కానీ చిన్నప్పుడు దాని తిండిలో సింహభాగం పురుగులే.

మరి ఇలకోడిని మంచి తిండితో పెంచితే దాని ఒంట్లో కాల్షియం పెరగదా? మా వాడు నమ్మింది ఇదే. చాలామంది నమ్మేది కూడా ఇదే. పెరగదు, పెరిగినా లెక్కలోకి రాదు. ఇలకోడి శరీరం తనకు కావలసినంతే ఉంచుకుని మిగతాది బయటికి పంపేస్తుంది. మనం మార్చగలిగింది దాని ఒంటిని కాదు, ఆ పూట దాని కడుపులో ఉన్నదాన్ని. గుత్తివంకాయ కూర తలుచుకోండి. వంకాయ వంకాయే. దాన్ని ఎంత ఎరువు వేసి పండించినా వంకాయ రుచే ఉంటుంది. కూర ఎలా ఉంటుందన్నది మనం లోపల కూరిన కారాన్ని బట్టి ఉంటుంది. ఇలకోడి కూడా అంతే. దీన్నే సరీసృపాలు పెంచేవాళ్లు ‘గట్ లోడింగ్’ అంటారు. మనం ‘కూరే మేత’ అనుకుందాం.

ఇక్కడి నుంచి విషయం రెండుగా చీలుతుంది. ఇంటి వంటకాలు చెప్పేవాళ్లలో చాలామంది ఈ చీలికను పట్టించుకోరు. ఇలకోడి బతకడానికి, పెరగడానికి, గుడ్లు పెట్టడానికి కావలసిన మేత ఒకటి. తొండ నోట్లో పడే ముందు ఒకటి రెండు రోజులు దాని కడుపులో నింపాల్సిన మేత మరొకటి. మొదటిది పురుగు కోసం, రెండోది తొండ కోసం. రెండిటికీ ఒకే పిండి వాడితే ఎటూ కాకుండా పోతుంది.

ఎంత కూరాలి? చిన్న లెక్క చేద్దాం. పెద్ద ఇలకోడి ఒకటి 450 మిల్లీగ్రాములు తూగుతుందనుకోండి. దాని ఒంట్లో భాస్వరం సుమారు 1.3 మిల్లీగ్రాములు, కాల్షియం 0.2 కన్నా తక్కువ. రెండూ సమానం కావాలంటే దాదాపు 1.15 మిల్లీగ్రాముల కాల్షియం కడుపులోంచి రావాలి. ఆ కడుపులో 15 మిల్లీగ్రాముల పొడి మేత ఉందనుకుందాం. అప్పుడు ఆ మేతలో కాల్షియం వందకు ఎనిమిది పాళ్లు ఉండాలి. సరీసృపాల పోషణ గురించి రాసేవాళ్లు కూరే మేతకు ఎనిమిది శాతం కాల్షియం అని ఎందుకు పట్టుబడతారో ఈ లెక్కలో తేలిపోతుంది. అంతకు తగ్గితే సమానం కూడా కాదు. రెండు పాళ్లకు ఒక పాలు అన్న ఆదర్శం కడుపుతో మాత్రమే అందేది కాదు, దానికి వేరే ఉపాయం ఉంది. అది తర్వాత చెబుతాను.

ఇప్పుడు మేనల్లుడి డబ్బా మూత తీద్దాం.

రాగులు. కొరాపుట్, రాయగడ కొండల్లో మండియా అంటే తెలియనివాళ్లు లేరు. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టాక మండియాకు కొత్త గౌరవం కూడా దక్కింది. ధాన్యాలన్నిటిలో కాల్షియం ఎక్కువ ఉన్నది ఇదే: వంద గ్రాములకు 350 మిల్లీగ్రాముల ప్రాంతం. పైగా అందులో భాస్వరం కన్నా కాల్షియమే ఎక్కువ, ధాన్యాల్లో ఇది అరుదు. మనిషికి ఇది అమృతం. కానీ 350 మిల్లీగ్రాములంటే 0.35 శాతం. మనకు కావలసింది ఎనిమిది. రాగిపిండితోనే ఇలకోడి కడుపు నింపితే అందులోంచి వచ్చేది 0.05 మిల్లీగ్రాముల కాల్షియం. 1.15 కావలసిన చోట ఇది ఏ మూలకు?

మునగాకు. ఒడియావాళ్లు సజనా సాగ అంటారు, పప్పులో వేస్తారు, వేపుడు చేస్తారు. నీడలో ఎండబెట్టి పొడి చేస్తే వందకు రెండు పాళ్ల వరకు కాల్షియం ఉంటుంది. ఆకుల్లో ఇది చాలా గొప్ప సంఖ్య. కరివేపాకు కూడా ఇంచుమించు ఇలాంటిదే. అయినా అచ్చంగా మునగాకు పొడే పెట్టినా 0.3 మిల్లీగ్రాముల దగ్గర ఆగిపోతాం. ‘ప్రకృతిసిద్ధమైన ఆకులే చాలు, సున్నపు పొడులెందుకు’ అనేవాళ్లకు నా జవాబు ఇదే. ఆకుల మీద నాకు ద్వేషం లేదు, కూడికలు తీసివేతల మీద కాస్త గౌరవం ఉందంతే.

గోధుమ పొట్టు, తవుడు. మీల్‌వర్మ్‌లను అందరూ వీటిలోనే పెంచుతారు. చవక, అవి బాగా పెరుగుతాయి. గోధుమ పొట్టులో వంద గ్రాములకు కాల్షియం 70 మిల్లీగ్రాములు, భాస్వరం 1,000. తవుడులో భాస్వరం 1,600 దాటుతుంది. అంటే భాస్వరం సంచి లాంటి పురుగుకు భాస్వరం కూరి తొండకు పెడుతున్నామన్నమాట. పెంపకానికి పరవాలేదు, కూరడానికి పనికిరాదు.

కనుక సున్నపు పొడి కలపక తప్పదు. ఏ సున్నం అన్నదే అసలు గొడవ. కిళ్లీ కొట్లో దొరికే సున్నం కాదు. అది తడి సున్నం, క్షారం, నోరు పొక్కిస్తుంది. మనకు కావలసింది కాల్షియం కార్బొనేట్. బడిలో వాడే సుద్దముక్కలు కూడా వద్దు, వాటిలో చాలావరకు జిప్సంతో చేసినవే. పశువుల దాణా కొట్లో ‘మినరల్ మిక్చర్’ అడిగితే ఇస్తారు. దాన్ని తీసుకునే ముందు సంచి మీద రాసింది చదవండి. డైకాల్షియం ఫాస్ఫేట్ అని ఉంటే తిరిగి ఇచ్చేయండి. అందులో కాల్షియం 23 శాతం ఉంటే భాస్వరం 18 శాతం ఉంటుంది. పాలిచ్చే గేదెకు అది మేలు, భాస్వరంతోనే బాధపడుతున్న తొండకు కాదు. మా వాడు మొదట్లో చేసిన పొరపాట్లలో ఇదొకటి. ‘కాల్షియం పొడి’ అని అడిగాడు, కొట్టువాడు ఇచ్చాడు, ఇద్దరిదీ తప్పు లేదు.

ఇంట్లో దొరికే మంచి కాల్షియం కార్బొనేట్ గుడ్డు పెంకు. అందులో 95 శాతం దాకా అదే, అంటే బరువులో 37 శాతం దాకా కాల్షియం. పెంకుల్ని కడిగి, పది నిమిషాలు మరిగించి, ఎండలో కరకరలాడేలా ఎండబెట్టి, మిక్సీలో వేయాలి. పని అక్కడితో అయిపోదు. పలుకులుగా ఉంటే ఇలకోడి వాటిని పక్కకు నెట్టి పిండి మాత్రం తింటుంది. ఆయుర్వేదం మందుల్లో వస్త్రగాళితం అంటారే, పలుచని బట్టలో వేసి జల్లించడం, అంత మెత్తగా కావాలి. మైదాలాగా ఉంటేనే అది పిండితో కలిసి కడుపులోకి పోతుంది.

గోపాలపూర్, బరంపురం వైపు ఉన్నవాళ్లకు మరో దారి ఉంది. మూలికల కొట్లలో సముద్రఫేనం అని అమ్ముతారు. పేరుకు సముద్రపు నురుగు, నిజానికి కటిల్‌ఫిష్ అనే జీవి వెన్నులోని తెల్లటి పలక. అదీ కాల్షియం కార్బొనేటే. ఒడ్డున ఏరుకున్నదైతే రెండు రోజులు మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మార్చి ఉప్పు పోగొట్టాలి. గోటితో గీసినా పొడి రాలుతుంది కనుక గుడ్డు పెంకు కన్నా దీనితో పని తేలిక. చిలుకల్ని పెంచేవాళ్లకు ఇది ముందే తెలుసు.

ఇప్పుడు వంట. వంద గ్రాముల కూరే మేతకు: రాగిపిండి 35 గ్రాములు, మునగాకు పొడి 20, గోధుమపిండి 15, శనగపిండి 5, పాలపొడి 5, గుడ్డు పెంకు లేదా సముద్రఫేనం పొడి 20. పెంకు నుంచే ఏడున్నర శాతం దాకా కాల్షియం వస్తుంది, మునగాకు, రాగులు మరో అర శాతం కలుపుతాయి. ఎనిమిదికి చేరినట్టే. పాలపొడి రుచి కోసం. సున్నం వాసనకు ఇలకోడి మూతి తిప్పుకోకుండా ఉండాలి కదా. ఈ పాళ్లు దేవుడు చెక్కిన శిలాశాసనం కాదు. శనగపిండి బదులు పెసరపిండి వేసుకోండి, గోధుమ మానేసి రాగి పెంచుకోండి. ఇరవై పాళ్ల పెంకు మాత్రం తగ్గించకండి. వంటలో మార్చకూడనిది అదొక్కటే.

అయితే ఇదే పొడితో పురుగుల్ని నెలంతా పెంచుదామంటే కుదరదు. ఇంత సున్నం తింటూ పోతే ఇలకోళ్లు చనిపోవడం మొదలవుతుంది. అందుకే తొండకు పెట్టే ముందు ఒక రోజు నుంచి రెండు రోజులు, మహా అయితే మూడు. ఆ రెండు మూడు రోజుల్లో పెట్టబోయే వాటిని మాత్రం వేరే డబ్బాలోకి తీసి, అక్కడ ఈ పొడి తప్ప మరో తిండి లేకుండా చూడాలి. పక్కన క్యారెట్ ముక్క, దోసకాయ ముక్క పడేస్తే ఇలకోడి ఏది తింటుందో చెప్పక్కర్లేదు. పిల్లాడి ముందు కాకరకాయ, లడ్డూ రెండూ పెట్టి కాకరకాయ తింటాడని ఆశపడటం లాంటిది. కానీ నీళ్లు లేకపోతే పొడి గొంతు దిగదు, గిన్నెలో నీళ్లు పెడితే మునిగి చస్తాయి. తడిపిన దూది, లేదా చిన్న స్పాంజి ముక్క పెట్టి రోజూ మార్చడమే మార్గం. క్యారెట్ ముక్కతో దాహం తీర్చి కడుపు కూడా నింపేయడం మా వాడి రెండో పొరపాటు. పొడి డబ్బాలో అలాగే మిగిలిపోయేది, వాడేమో పెట్టానని లెక్క వేసుకునేవాడు.

వెచ్చదనం సంగతి కొండల వైపువాళ్లు తప్పక గుర్తుంచుకోవాలి. పురుగుకు మనలా ఒంటి వేడి ఉండదు. డిసెంబరు, జనవరిలో కొరాపుట్, సెమిలిగుడ, దారింగిబాడి చలికి ఇలకోడి ముడుచుకుని కూర్చుంటుంది, తినదు. ఎంత గొప్ప పొడి పెట్టినా కడుపు ఖాళీయే. డబ్బా 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే చురుగ్గా తింటాయి. బరంపురం తీరంలో చలి బాధ తక్కువ, తేమ బాధ ఎక్కువ. వానాకాలంలో పొడి రెండు రోజుల్లో బూజు పడుతుంది, తెల్లటి సన్న పురుగు పాకుతుంది. అందుకే రెండు వారాలకు సరిపడా మాత్రమే చేసి గాలి చొరని సీసాలో ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. డబ్బాలో మిగిలినది ఏ రోజుకారోజు పారబోయాలి. వేరుశనగ చెక్క చవకని కలిపేవాళ్లున్నారు. తేమ తగిలిన వేరుశనగలో పెరిగే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని చేస్తుంది, కాలేయాన్ని తినేస్తుంది. ఈ తీరప్రాంతపు తేమలో నేనైతే దాని జోలికి పోను.

ఇక కడుపు నిండిన పురుగును వెంటనే పెట్టాలి. పొద్దున్నే తొండ గూట్లో ఇరవై ఇలకోళ్లు వదిలి కాలేజీకి వెళ్లిపోతే, సాయంత్రం తొండ వెతుక్కుని తినేసరికి వాటి కడుపులో మనం కూరినది చాలావరకు బయటికి పోయి ఉంటుంది. పైగా ఆకలేసిన ఇలకోళ్లు నిద్రపోయే తొండ చర్మాన్నే కొరుకుతాయి. పది నిమిషాల్లో తినగలిగినన్నే వదిలి, మిగిలినవి తీసేయడం మేలు.

వేరే ఉపాయం ఉందన్నాను కదా. అది పైపూత. పురుగుల్ని ఒక కవర్లో వేసి, మెత్తటి కాల్షియం పొడి చల్లి, అప్పడాల పిండి దులిపినట్టు ఒకసారి కుదిపి పెట్టడం. కూరే మేతతో సమానానికి చేరితే, పైపూతతో దాటతాం. ఒక్క పైపూతనే నమ్ముకోకూడదు. ఇలకోడి శుభ్రత పిచ్చిది, వదిలిన కాసేపటికే కాళ్లు, మీసాలు నాక్కుని పొడి దులిపేసుకుంటుంది. మీల్‌వర్మ్ ఒళ్లు నున్నగా ఉంటుంది, పొడి అంటుకోనే అంటుకోదు. లోపలి కారం, పైన నూనె రెండూ ఉంటేనే గుత్తివంకాయ.

ఆకుకూరల్లో ఆక్సలేట్ల గురించి భయపెట్టే మాటలు చాలా వినిపిస్తాయి. పాలకూరలో, తోటకూరలో, బచ్చలిలో ఆక్సలేట్లు ఎక్కువే, అవి కాల్షియాన్ని పట్టుకుని వదలవు. గోంగూర, చుక్కకూర పులుపు సంగతి చెప్పనవసరం లేదు, వాటిని మన పళ్లేలకే ఉంచుకుందాం. కానీ ఇరవై పాళ్ల సున్నం ఉన్న పొడిలో అప్పుడప్పుడు పడే రెండు తోటకూర ఆకుల ఆక్సలేట్ ఏమంత తేడా చేయదు. సున్నం లేకుండా ఆకుల మీదే ఆధారపడినప్పుడే అది అసలు సమస్య. బుధవారం చటికోన సంతకు డొంగ్రియా కొందులనే ఆదివాసీల ఆడవాళ్లు కొండ మీద నుంచి తెచ్చే ఆకుల్లో మునగ, ఆవాకు, మెంతి లాంటివి దొరికితే నిశ్చింతగా తీసుకోవచ్చు. పురుగుమందు కొట్టిన ఆకు మాత్రం పురుగుకు పెట్టకూడదన్నది చెప్పకుండానే తెలిసే విషయం. అయినా చాలా డబ్బాలు ఖాళీ అయ్యేది దానివల్లే. ఏ ఆకైనా బాగా కడగాలి.

విటమిన్ ఎ గురించి కొంత చెప్పాలి. పురుగుల్లో అది దాదాపు ఉండదు. కొరత వస్తే కళ్లు వాస్తాయి, చర్మం సరిగా ఊడదు. దీనికి క్యారెట్, గుమ్మడి, బొప్పాయి ఉన్నాయి. అవి కూరే రెండు రోజుల్లో కాదు, పెంపకం డబ్బాలో. భువనేశ్వర్‌లోని దుంప పంటల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ‘భూ సోనా’ అనే నారింజ రంగు చిలగడదుంపలో బీటా కెరోటిన్ పుష్కలం, దొరికితే అదే మేలు. పసుపు కలిపితే పచ్చగా ఉంటుంది కదా, విటమిన్ ఎ వస్తుంది కదా అని ఒకరు నన్నడిగారు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కంధమాల్ పసుపు ఎంత మంచిదైనా దాని రంగు కర్‌క్యుమిన్‌ది, కెరోటిన్‌ది కాదు. రంగు చూసి విటమిన్ చెప్పలేం. చేపనూనె గుళికలు, మనుషుల విటమిన్ మాత్రలు పొడిచేసి కలపడం మాత్రం ప్రమాదం. విటమిన్ ఎ, డి రెండూ ఒంట్లో పేరుకుపోయేవి. ఎక్కువైతే లోటు కన్నా త్వరగా చంపుతాయి.

డి అన్నాం కనుక ఒక చేదు నిజం. ఇంత కష్టపడి కూరిన కాల్షియం తొండ పేగులోంచి రక్తంలోకి రావాలంటే డి3 విటమిన్ కావాలి, అది చర్మం మీద అతినీలలోహిత బి కిరణాలు పడితే తయారవుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. అద్దం వెనక ఎంత ఎండ కాసినా వేడే తప్ప విటమిన్ లేదు. మా వాడి తొండ గూడు ఎక్కడుందంటారు? హాల్లో, తూర్పు కిటికీ అద్దం పక్కన. ఆ కిరణాలిచ్చే ప్రత్యేక దీపం పెట్టడమో, లేత ఎండలో మెష్ పెట్టెలో, నీడకు చోటుంచి, పక్కనే కూర్చుని బయట పెట్టడమో చేయాలి. రాయగడ మే ఎండలో పది నిమిషాలు మరిచిపోతే తొండ మిగలదు.

పెంపకం మేత మీద ఎక్కువ చెప్పను. ఇలకోడికి మాంసకృత్తులు ఇరవై శాతం ప్రాంతంలో ఉంటే చాలు, తగ్గితే ఒకదాన్నొకటి తింటాయి. మందు కలపని కోడిపిల్లల దాణా, కాస్త రాగిపిండి, తెలగపిండి, ఆకులు, దుంప ముక్కలు ఉంటే సరి. కుక్కల బిస్కెట్లు, పిల్లుల మేత పెడితే పురుగులు త్వరగా పెరుగుతాయన్నది నిజమే. బొద్దింకల విషయంలో మాత్రం దానికో మూల్యం ఉంది. అవి మిగులు నైట్రోజన్‌ను యూరిక్ ఆమ్లంగా మార్చి తమ కొవ్వులోనే దాచుకుంటాయి. మాంసకృత్తులు ఎంత ఎక్కువ పెడితే అంత దాస్తాయి. మేత కోసం పెంచే డుబియా బొద్దింకల మీద పెరిగే తొండకు ఆ యూరిక్ ఆమ్లం కూడా వాటితో పాటే వెళుతుంది. యూరిక్ ఆమ్లం కీళ్లలో పేరుకుని వచ్చే గౌట్ మనుషుల జబ్బు మాత్రమే కాదు.

ఇంత తతంగం లేని పురుగు ఒకటుంది. బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లపురుగు. దాని చర్మంలో నిజంగానే సున్నం ఉంటుంది. కిలోకు కాల్షియం 9,000 మిల్లీగ్రాములు దాటుతుంది, భాస్వరం 3,500. అంటే కూరకుండానే రెండున్నర రెట్లు. కూరగాయల తొక్కల మీద పెరుగుతుంది. వాసన భరించగలిగితే ఇంటి వెనక బకెట్లో పెంచుకోవచ్చు. మా అక్క భరించలేనని తేల్చి చెప్పింది. పట్టుపురుగు కూడా మంచి మేతే, కానీ దానికి మల్బరీ ఆకు తప్ప వేరేది పట్టదు. పట్టు నగరమని పేరున్న బరంపురంలో పట్టుచీర ఎంత కావాలంటే అంత దొరుకుతుంది, పట్టుపురుగు కోసం మాత్రం ఊరంతా తిరిగినా లాభం లేదు.

పొలంలో పట్టిన మిడతలు, తొలకరిలో దీపం చుట్టూ చేరే ఉసుళ్లు ఉచితమే కదా అంటారు. వరి చేలో మిడత ఏ మందు తాగి వచ్చిందో మనకు తెలియదు. మిణుగురుల్ని అయితే దగ్గరికే రానివ్వకూడదు. అమెరికా మిణుగురు ఒక్కటి తిన్నా బియర్డెడ్ డ్రాగన్ చనిపోయిన సందర్భాలున్నాయి, గుండెను ఆపే విషం వాటిలో ఉంటుంది. మన మిణుగురులు వేరే జాతులు కావచ్చు, పరీక్ష మన తొండ మీద వద్దు.

ఇదంతా చదివి పెరట్లో ఊసరవెల్లిని పట్టుకుని పెంచుదామని ఎవరికైనా అనిపిస్తే ఆగండి. ఊసరవెల్లి, ఉడుము, నక్షత్ర తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నవి, ఇంట్లో ఉంచితే నేరం. విదేశీ జాతుల్లో కూడా వన్యజీవుల వ్యాపారాన్ని అదుపు చేసే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం జాబితాలో ఉన్నవాటిని 2024 నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి.

మా మేనల్లుడి తొండకు వైద్యుడు ద్రవరూపంలో కాల్షియం ఇచ్చాడు. దీపం మారింది, గూడు కిటికీ దగ్గర నుంచి కదిలింది. దవడ ఇప్పుడు గట్టిపడింది, కొంచెం పక్కకు వంగే గట్టిపడింది. అలా వంగిన ఎముక తిరిగి నిటారు కాదు. అది నమిలినప్పుడు ఇలకోడి కాళ్లు ఒకవైపు నుంచి బయటికి జారుతుంటాయి. వాడి గదిలో ఇప్పుడు రెండు డబ్బాలున్నాయి. ఒకదాని మీద ‘పెంపకం’ అని, రెండోదాని మీద ‘శుక్రవారం వాళ్లు’ అని కాగితాలు అంటించాడు. రాగిపిండి ఖర్చు నెలకు రెండు గుప్పెళ్లకు దిగింది కనుక అమ్మ తగవు కూడా ఆ మేరకు తగ్గింది. గుడ్డు పెంకులు ఆవిడే కడిగి ఎండబెట్టి ఇస్తోంది. జల్లించే బట్ట మాత్రం వంటింట్లోకి తేవద్దని, మిక్సీ జారు కూడా వేరేది కొనుక్కోమని షరతు పెట్టింది. వాడింకా కొనలేదు.